ఆఫ్‌సెట్టా, డిజిటలా, స్క్రీనా? ప్రెస్‌కి వెళ్లే ముందు తేల్చుకోవాల్సినవి

పోయిన నెల మా బాబాయి ఫోన్ చేసి "బిడ్డా, నా బుక్కు నూరు కాపీలు కొట్టియ్యాలె, ఎంతయితది?" అన్నాడు. రిటైరయ్యాక కూర్చుని ఊరి సంగతులు, మా తాత చెప్పిన కథలు అన్నీ నాలుగు నోటుబుక్కుల నిండా రాశాడు, వాటిని పుస్తకం చెయ్యాలని ఆయన కోరిక. అప్పటికే హైదరాబాద్ చిక్కడపల్లిలో ఇద్దరిని, నారాయణగూడలో ఒకరిని అడిగొచ్చాడంట, ముగ్గురూ మూడు రేట్లు చెప్పారు, అందులో ఒకాయన అయితే 500 కాపీలకి తక్కువ వెయ్యనన్నాడు. ఎవరో ఒకరు మోసం చేస్తున్నారని బాబాయి గట్టిగా అనుకున్నాడు. నిజానికి ఎవరూ మోసం చెయ్యలేదు, ముగ్గురి దగ్గర ఉన్నవి మూడు రకాల మెషిన్లు, ఎవరి మెషిన్ లెక్క వాళ్లు చెప్పారు అంతే. నేను 14 ఏళ్లుగా డీటీపీ పని చేస్తున్నా, వారానికి ఇద్దరైనా ఇదే కన్‌ఫ్యూజన్‌తో వస్తారు, అందుకే బాబాయికి చెప్పిందంతా ఇక్కడ రాసేస్తున్నా.

ముందు ఒక్కటి పట్టుకోండి. ప్రెస్‌కి వెళ్లగానే "ఎంతవుతుంది" అని అడక్కండి, ఎన్ని కాపీలు కావాలి, ఆ కాగితం ఎంతకాలం ఉండాలి, ఈ రెండూ మీ నోటి నుంచి ముందు రావాలి. ఏ మెషిన్ అనేది ఆ రెండిటిని బట్టే తేలిపోతుంది.

ఆఫ్‌సెట్ మెషిన్ నూనె, నీళ్లు కలవవు అన్న సూత్రం మీద నడుస్తుంది. అల్యూమినియం ప్లేటు మీద అక్షరం ఉన్నచోట ఇంకు పట్టుకుంటుంది, ఖాళీ ఉన్నచోట నీటి తడి ఉంటుంది కాబట్టి ఇంకు అంటదు. ఆ అచ్చు ప్లేటు నుంచి రబ్బరు బ్లాంకెట్ మీదికి, అక్కడ్నించి కాగితం మీదికి దిగుతుంది, ప్లేటు నేరుగా కాగితాన్ని తాకదు. రబ్బరు మెత్తగా ఉంటుంది కాబట్టి కాస్త గరుకు కాగితం మీద కూడా అచ్చు చక్కగా కూర్చుంటుంది, ఈ సంగతి అమెరికాలో ఐరా రూబెల్ అనే ఆయన 1900ల మొదట్లో అనుకోకుండా కనిపెట్టాడు, మెషిన్‌లో కాగితం పెట్టడం మిస్సయితే అచ్చు రబ్బరు మీద పడి, అక్కడ్నించి తర్వాతి కాగితం వెనక పడింది, చూస్తే అసలు దానికన్నా అదే నీట్‌గా ఉంది. సరే, మనకి కావాల్సింది ఖర్చు సంగతి. మల్టీ కలర్ అంటే సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్ నాలుగు రంగులకి నాలుగు ప్లేట్లు చెయ్యాలి, మెషిన్ మీద ఎక్కించాలి, రంగులు ఒకదాని మీద ఒకటి కరెక్టుగా పడేదాకా కొన్ని షీట్లు వేస్టేజీ పోవాలి, మీరు పది కాపీలు వేసినా పదివేలు వేసినా ఈ ఖర్చు మాత్రం ఒకటే. డిజిటల్‌లో ప్లేటు ఉండదు, ఫైలు పంపితే పెద్ద కలర్ జిరాక్స్ మెషిన్ లాంటిది నేరుగా కొట్టేస్తుంది, కానీ ప్రతి ప్రింటుకీ ఒకటే చార్జీ పడుతూ పోతుంది.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం, ఇవి మార్కెట్ రేట్లు కాదు. ఒక రెండు పేజీల పాంప్లెట్‌కి ఆఫ్‌సెట్‌లో ప్లేట్లు, సెట్టింగు కలిపి 4000, ఆపైన కాపీకి 2 రూపాయలు అనుకోండి. డిజిటల్‌లో కాపీకి 10 అనుకోండి. 300 కాపీలకి ఆఫ్‌సెట్ 4600, డిజిటల్ 3000. 1000 కాపీలకి ఆఫ్‌సెట్ 6000, డిజిటల్ 10000. రెండూ సమానమయ్యేది 500 దగ్గర. ప్రెస్ వాళ్లు 500 లోపు వద్దనడానికి కారణం ఇదే, అహంకారం కాదు. మీకు రేటు చెప్పేటప్పుడు సెట్టింగు ఖర్చెంత, ఆపైన కాపీకెంత అని విడివిడిగా అడిగి ఈ లెక్క మీరే వేసుకోండి, రెండు నిమిషాల పని.

ఈ రెండిటి మధ్యలో చాలామంది మర్చిపోయేది రైసో, అంటే స్టెన్సిల్ పద్ధతిలో కాపీలు తీసే మెషిన్. కోచింగ్ సెంటర్లలో క్వశ్చన్ పేపర్లు, బస్తీలో పంచే సింగిల్ కలర్ కరపత్రాలు దీని మీదే పడుతుంటాయి. ఒక మాస్టర్ తయారవుతుంది, దాని మీద వందల కాపీలు గబగబా వచ్చేస్తాయి. ఫోటోలు బాగా రావు, ఇంకు చేతికి కాస్త అంటుతుంది, కానీ నలుపు అక్షరాలు మాత్రమే ఉన్న 800 కాపీల కాగితానికి జిరాక్స్ షాపుకెళ్లి డబ్బులు పొయ్యడం కన్నా రైసోనే నయం.

క్వాలిటీ సంగతి. డిజిటల్ అంటే తక్కువరకం, ఆఫ్‌సెట్ అంటే మంచిది అనేది పాత మాట. మంచి డిజిటల్ మెషిన్ మీద పడిన పుస్తకం చూసి మామూలు పాఠకులు తేడా పట్టలేరు. తేడా వేరేచోట తెలుస్తుంది. చాలా డిజిటల్ మెషిన్లలో వాడేది టోనరు, అంటే ప్లాస్టిక్ కలిసిన పొడిని వేడితో కాగితానికి అతికించడం, అందుకే ముదురు రంగు నిండుగా ఉన్నచోట మడత పెడితే ఆ గీత వెంట రంగు పగిలి తెల్లగా కనిపిస్తుంది. బ్రోచర్‌కి గానీ పుస్తకం కవర్‌కి గానీ డిజిటల్ చేయిస్తే ముందు క్రీజింగ్ (మడత పడేచోట గాడి నొక్కడం) కొట్టమనండి, కవర్‌కి లామినేషన్ తప్పనిసరి. ఇంకోటి, సర్టిఫికెట్ల మీద ఒక్కో పిల్లాడి పేరు మారాలంటే డిజిటల్ ఒక్కటే దారి, ప్లేటు మీద ఉన్న అక్షరం మారదు కదా. అదే కంపెనీ లోగో రంగు పదివేల కాపీల్లో ఒకేలా ఉండాలంటే ఆఫ్‌సెట్‌లో ఆ రంగుని విడిగా కలిపించి స్పాట్ కలర్‌గా వేయించుకోవచ్చు, పాంటోన్ అనే రంగుల పట్టికలో నంబర్లు ఉన్నది అందుకే.

విజిటింగ్ కార్డులు 1000 అంత చవగ్గా ఎలా ఇస్తున్నారని అడుగుతుంటారు. పదిమంది కార్డులు ఒకే పెద్ద షీట్ మీద పేర్చి ఒకే ప్లేట్ల మీద కొడతారు, ఖర్చు అందరి మీదా పంచుకుపోతుంది. చవకే, కానీ పక్కవాళ్ల కార్డులో ఎరుపు ఎక్కువ ఉంటే మెషిన్ మీద దానికి తగ్గట్టు ఇంకు పెడతారు, మీ కార్డు రంగు కూడా కొంచెం అటు జరుగుతుంది. పోయినసారి లాగే రావాలి అని పట్టుబట్టేవాళ్లు ఈ దారిలో వెళ్లొద్దు. 100 కార్డులు చాలనుకుంటే డిజిటల్‌లో సాయంత్రానికి అయిపోతాయి.

ఇప్పుడు కాగితం. జీఎస్‌ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. ఏ జీరో (A0) షీట్ సరిగ్గా ఒక చదరపు మీటరు, అందులోంచి 16 ఏ ఫోర్‌లు (A4) వస్తాయి, అంటే 80 జీఎస్‌ఎం ఏ ఫోర్ ఒక్కటి 5 గ్రాములు. పుస్తకం పోస్టులో పంపేవాళ్లకి ఈ లెక్క బాగా పనికొస్తుంది. లోపలి పేజీలకి 70 లేదా 80 జీఎస్‌ఎం మ్యాప్‌లితో (మెరుపు లేని మామూలు తెల్ల కాగితం పేరు) చాలు, కవర్‌కి 250 లేదా 300 ఆర్ట్ కార్డు, పాంప్లెట్‌కి 90 నుంచి 130 ఆర్ట్ పేపర్. కథలు, కవితలు చదువుకునే పుస్తకానికి మెరిసే ఆర్ట్ పేపర్ మాత్రం వెయ్యొద్దు, ట్యూబ్‌లైట్ కింద పేజీ తళతళలాడి కళ్లు లాగేస్తాయి, బరువు కూడా. మా బాబాయికి మొదట ఒకాయన ఆర్ట్ పేపరే చూపించాడు, ఖరీదైంది కాబట్టి మంచిదనుకున్నాడు పాపం.

సైజు దగ్గర పోయే డబ్బు ఎవరికీ కనపడదు. మన దగ్గర కాగితం ఎక్కువగా అంగుళాల్లో దొరుకుతుంది, 18 బై 23 డెమ్మీ షీట్‌ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 9 బై 11.5 అంగుళాలు. ఏ ఫోర్ పొడవు 297 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 11.7 అంగుళాలు. చూశారా, కొంచెంలో తప్పిపోయింది, డెమ్మీ షీట్‌లో నాలుగు ఏ ఫోర్‌లు పట్టవు. అదే పాంప్లెట్‌ని 8.5 బై 11 చేసుకుంటే నాలుగూ హాయిగా పడతాయి, అంచుల్లో కటింగ్‌కి కూడా జాగా ఉంటుంది. ఏ ఫోరే కావాలంటే 25 బై 36 కాగితం తీసుకుని సగం చెయ్యాలి, అప్పుడు 18 బై 25 లో నాలుగు వస్తాయి. కాబట్టి డిజైన్ మొదలుపెట్టక ముందే ప్రెస్‌కి ఫోన్ చేసి మీ దగ్గర ఏ షీట్ ఉంది అని అడగండి, డిజైన్ అయిపోయాక సైజు మారిస్తే డీటీపీ చేసినవాళ్ల ప్రాణం పోతుంది, నాకు బాగా తెలుసు.

పుస్తకం కూడా ఇదే లెక్క. తెలుగులో కథలు, నవలలు ఎక్కువగా వచ్చేది డెమ్మీలో ఎనిమిదో వంతు సైజులో, కత్తిరించాక 5.5 బై 8.5 అంగుళాలు. ఒక షీట్‌కి ఒకవైపు 8 పేజీలు, రెండువైపులా 16, దాన్నే ఫారం అంటారు. ఆఫ్‌సెట్‌లో మీ పుస్తకం 161 పేజీలు వచ్చిందంటే ఆ ఒక్క పేజీ కోసం ఇంకో ఫారం ఖర్చు మీద పడుతుంది, ఒక పేరా తగ్గించి 160 కి తెచ్చుకోవడం మేలు. డిజిటల్‌లో ఈ ఇబ్బంది పెద్దగా ఉండదు.

బైండింగ్‌లో మూడే చూసుకోండి. 60, 70 పేజీల లోపు అయితే సెంటర్ పిన్, పేజీలు నాలుగు చొప్పున లెక్కకి రావాలి. దానిపైన పర్ఫెక్ట్ బైండింగ్, అంటే వెనక జిగురు వేసి కవర్ అంటించడం, మామూలు నవలలన్నీ ఇవే. పిల్లలు, మనవలు, వాళ్ల పిల్లలు తీసి చూడాలి అనుకునే పుస్తకానికి మాత్రం కుట్టు బైండింగ్, ఫారాలని దారంతో కుట్టి అట్ట వెయ్యడం, ఖర్చు ఎక్కువ, టైం ఎక్కువ, కానీ పేజీ ఊడదు. వంశవృక్షాలు, జ్ఞాపకాల పుస్తకాలు జిగురు మీద నడిపించేస్తారు, మూడేళ్లకి మధ్యలో విరిగి పేజీలు చేతికొస్తాయి, నాకది చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే మళ్లీ వేసేవాళ్లు ఉండరు. కాగితానికి కూడా ఒక దిశ ఉంటుంది, లోపలి పోగులు పుస్తకం వెన్నుకి సమాంతరంగా నిలువుగా ఉండాలి, అడ్డంగా ఉంటే పుస్తకం సరిగ్గా తెరుచుకోదు, పేజీలు అలల్లా లేస్తాయి. కాగితం ముక్కని రెండువైపులా మెల్లగా వంచి చూడండి, ఏ వైపు సులువుగా వంగితే పోగులు ఆ మడతకి సమాంతరంగా ఉన్నట్టు.

శుభలేఖలకి వేరే లోకం. ఛత్తా బజార్ వెళ్తే కార్డులు ముందే తయారై ఉంటాయి, మీ మేటర్ మాత్రం స్క్రీన్ ప్రింటింగ్‌లో వేసిస్తారు. జాలీ లాంటి గుడ్డ ఫ్రేముకి బిగించి, అక్షరం ఉన్నచోట మాత్రమే ఇంకు దిగేలా చేసి, రబ్బరు పట్టీతో లాగుతారు. ఇంకు మందంగా పడుతుంది కాబట్టి ముదురు మెరూన్ కార్డు మీద కూడా బంగారు అక్షరం నిలబడుతుంది, ఇది నాలుగు రంగుల ఆఫ్‌సెట్‌లో అవ్వదు, ఆ నాలుగు రంగులతో బంగారం కలపబోతే ఆవపిండి రంగు వస్తుంది. కార్డుల సంఖ్య 200, 300 ఉన్నా స్క్రీన్ గిట్టుబాటే. ఫాయిల్, అంటే మెరిసే రేకుని వేడితో అద్దడం, ఇంకా మెరుస్తుంది, కానీ దానికి విడిగా బ్లాక్ (లోహపు అచ్చు) చేయించాలి. రెండిట్లోనూ తెలుగు వాళ్లకి ఒక జాగ్రత్త, మన అక్షరాల్లో సన్నటి కన్నాలు ఎక్కువ. లక్ష్మి అన్న పేరులో క్ష కింద మ వత్తు ఉంది కదా, చిన్న సైజులో లావు ఫాంటు పెడితే ఇంకు నిండిపోయి అక్కడ ఒక ముద్ద కనపడుతుంది, పెళ్లికూతురి పేరే చదవలేకపోతే ఇంకేం శుభలేఖ. మేటర్‌లో అన్నిటికన్నా కష్టమైన అక్షరం ఏదో చూసుకుని దాని కోసం సైజు పెంచండి. ఇంకోటి, నాలుగు మూలలా పసుపు పెట్టే ఇళ్లవాళ్లు లామినేషన్ ఉన్న నున్నటి కార్డు తీసుకోకండి, పసుపు పట్టదు, జారి పక్క కార్డుకి అంటుతుంది. కోటింగ్ లేని కాగితమైతే పసుపు ఇంకి చక్కగా నిలుస్తుంది.

ఫ్లెక్స్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. దూరం నుంచి చూసేది కాబట్టి అసలు సైజులో 72 నుంచి 100 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు అన్న లెక్క) చాలు, 300 పెట్టి కంప్యూటర్ని చంపకండి. అదే 300 చేతిలో పట్టుకుని చదివే కాగితానికి మాత్రం కావాలి, 1600 పిక్సెళ్ల వెడల్పు ఫోటో 300 దగ్గర అచ్చులో ఐదు అంగుళాల పైన కొంచెమే వస్తుంది, వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో చిన్నదైపోతుంది, అందుకే దాన్ని పేజీ నిండా వెయ్యమంటే మసగ్గా వస్తుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. 100 మైక్రాన్ల కంటే పలచటి పీవీసీ బ్యానర్లు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం, ఆర్డర్ ఇచ్చేటప్పుడు మందం అడగండి. ఒక్కరోజు ఫంక్షన్‌కైతే గుడ్డ బ్యానర్ చేయించడమే నాకిష్టం, తర్వాత దేనికైనా వాడుకోవచ్చు. షాపులో గోడకి ఏళ్ల తరబడి ఉండాల్సిన బోర్డు అయితే ఫ్లెక్స్ బదులు సన్‌బోర్డు (తేలికపాటి ప్లాస్టిక్ పలక) మీద వినైల్ (అచ్చు వేసిన ప్లాస్టిక్ స్టిక్కర్) అతికించుకోండి.

బిల్ బుక్కులు వేయించే షాపు వాళ్లకి ఒక్క మాట, కార్బన్‌లెస్ కాగితం అడగండి, తెలుపు, పింక్, పసుపు మూడు కాపీలు ఒకేసారి పడతాయి, సింగిల్ కలర్ ఆఫ్‌సెట్ చాలు, నంబరింగు, చింపుకునే చిల్లుల గీత విడిగా కొట్టిస్తారు.

ఇక ఫైలు. ఏ మెషిన్ ఎంచుకున్నా ఇక్కడ తప్పితే అన్నీ తప్పినట్టే. పదేళ్ల కింద ఒక సంస్థకి 2000 కరపత్రాలు వేయించాను, టైం లేక మేటరంతా ఫోటోషాప్‌లోనే పెట్టేశాను, నలుపు అనుకున్నది నాలుగు రంగులూ కలిసిన నలుపు అయి కూర్చుంది. మెషిన్ మీద రంగులు వెంట్రుకవాసి అటూ ఇటూ అయ్యేసరికి ప్రతి వత్తు పక్కనా, ప్రతి సున్నా లోపలా గులాబీ నీడ, నీలం నీడ. ప్రెస్ వాళ్ల తప్పు కాదు, నాదే, మళ్లీ వేయించాల్సొచ్చింది, ఆ రోజు నిద్రపట్టలేదు. అప్పట్నించీ చిన్న అక్షరాలకి ఒక్క బ్లాక్ ప్లేటు మాత్రమే 100 శాతం, మిగతా మూడూ సున్నా. స్క్రీన్ మీద వెలిగే చిలకాకుపచ్చ, నియాన్ గులాబీ అచ్చులో రావు, మానిటర్‌ది కాంతి రంగు, కాగితంది ఇంకు రంగు, సీఎంవైకేలోకి, అంటే అచ్చు వేసే ఆ నాలుగు రంగుల్లోకి, మార్చి చూసుకున్నాకే ఓకే చెప్పండి. అంచుదాకా రంగు ఉంటే ఆ రంగుని నాలుగువైపులా 3 మిల్లీమీటర్లు బయటికి పొడిగించండి, దాన్నే బ్లీడ్ అంటారు, లేకపోతే కటింగ్‌లో తెల్ల గీత మిగులుతుంది.

ఫాంటుల్లో పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ 'అను'నా, ఫోన్లలో, ఇంటర్నెట్‌లో నడిచే యూనికోడా అనేది ఇంకా నడుస్తూనే ఉంది. పాత ఆపరేటర్ల చేయి అనులోనే స్పీడు, అచ్చు కూడా బాగుంటుంది, కాదనను. కానీ అందులో ఉన్న అక్షరం కంప్యూటర్‌కి తెలుగు కాదు, ఇంగ్లీషు గుర్తుల మీద తెలుగు బొమ్మ తొడిగినట్టు, రేపు అదే పుస్తకం ఈబుక్ చెయ్యాలన్నా వెతుక్కోవాలన్నా గజిబిజి. అందుకే పుస్తకాలకి నేను యూనికోడే అంటాను, మండలి, రామభద్ర, సూరన్న లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టకపోతే వత్తులు విడిపోతాయి, అది చూసుకోండి. లైన్ల మధ్య జాగా కూడా ఇంగ్లీషు లెక్కన పెడితే పై లైన్ వత్తులు కింద లైన్ గుడులకి తగులుతాయి, 12 పాయింట్ల అక్షరానికి నేను 17, 18 దాకా ఇస్తాను. ప్రెస్‌కి మాత్రం ఓపెన్ ఫైలు పంపకండి, అక్షరాలని కర్వ్స్ చేసిన, అంటే బొమ్మలుగా మార్చిన, పీడీఎఫ్ పంపండి, వాళ్ల సిస్టంలో మీ ఫాంటు లేకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

బాబాయి పుస్తకం సంగతికొస్తే, 100 కాపీలే కాబట్టి డిజిటల్, డెమ్మీ ఎనిమిదో వంతు, 80 మ్యాప్‌లితో, కవర్ 300 ఆర్ట్ కార్డు మీద మ్యాట్ లామినేషన్. 176 పేజీలు, అంటే 88 ఆకులు, ఆకు దాదాపు 0.1 మిల్లీమీటరు, వెన్ను 9 మిల్లీమీటర్లు అనుకుని కవర్ చేశాం. 20 కాపీలు ఇంట్లోవాళ్లకి కుట్టు బైండింగ్, మిగతా 80 పర్ఫెక్ట్. డిసెంబర్‌లో బుక్ ఫెయిర్ టైముకి ప్రెస్సులన్నీ ఫుల్ అయిపోతాయి కాబట్టి ముందే ఇచ్చేశాం. అన్నిటికన్నా ముందు ఒకే ఒక్క కాపీ కొట్టించి బైండ్ చేయించి ఆయన చేతిలో పెట్టాను, డిజిటల్ తీసుకుంటే ఈ సదుపాయం ఉంది, ఆఫ్‌సెట్‌లో ఒక్క కాపీ అంటే ప్లేట్ల ఖర్చంతా పెట్టాలి. నాలుగు రోజులు పెన్సిల్ పట్టుకుని చదివాడు, స్క్రీన్ మీద మేమిద్దరం మూడుసార్లు చూసినా కనపడనిది 43వ పేజీలో దొరికింది, మా నాయనమ్మ పుట్టిన ఊరి పేరులో ఒక వత్తు పోయింది. అది సరిచేసి మిగతా 99 కి నిన్న ఓకే చెప్పాం.